నాన్న వీపు మీద చారలు

పదహారో ఏట నాకు కామెర్లు ముదిరి ఇరవై రోజులు ఆసుపత్రిలో పడి ఉన్నాను. పిల్ల లేచి తిరిగితే వచ్చే జాతరకి పులి వేషం కడతానని నాన్న ఠాకురాణి అమ్మవారికి మొక్కుకున్నాడు. బరంపురంలో అది వింతేమీ కాదు. అమ్మవారి జాతర వచ్చిందంటే ఒళ్లంతా పసుపు రంగు, దాని మీద నల్లచారలు వేయించుకుని డప్పుల వెంట గంతులేసేవాళ్లు వీధికొకరైనా ఉంటారు. వింతల్లా మా నాన్న పులి కావడమే. పప్పుల హోల్‌సేల్ కొట్లో మెడ దాకా బొత్తాలు పెట్టుకుని కూర్చునే మనిషి, నోట్లో నాలుక లేనివాడు. పెళ్లి ఊరేగింపులో కూడా కాలు కదిపి ఎరగడు.

బతికి బయటపడ్డానన్న సంతోషం కంటే, క్లాసు పిల్లలు చూస్తారన్న బెంగే నాకు ఎక్కువగా ఉండేది. రాయడానికి సిగ్గుగా ఉంది గాని నిజం అదే. మేముండే లంజిపల్లిలో, మా వీధిలోనే క్లాసు పిల్లలవి నాలుగిళ్లు.

ముందురోజు నాన్నతో అనేశాను. "మన వీధంట ఎల్లకు నాన్నా. ఎనక సందులోంచి ఎల్లిపో."

నాన్న చేతిలో పేపరు మడతపెట్టి పక్కన పెట్టాడు. "అలాగేలేమ్మా," అన్నాడు. పీడా వదిలిందనుకున్నాను.

మర్నాడు పొద్దున్న అమ్మ ఇచ్చిన మజ్జిగ సీసా పట్టుకుని, మా వీధి చివర రంగులేసే షెడ్డుకి వెళ్లాను. రంగులేసే ఒడియా ముసలాయన నాన్న మొహం మీద మీసాలు ఒక్కొక్కటే గీస్తున్నాడు. గుండెలు, పొట్ట, చేతులు అయ్యాయి. వీపు మీద పసుపు ఆరింది, చారలు మిగిలాయి. అంతలో వరసలో ఉన్న పులులు ఆలస్యమవుతోందని గొడవ మొదలెట్టారు. ముసలాయన కుంచె నా చేతిలో పెట్టేశాడు.

"ఈపు నువ్వు గీసీ పాపా. ఎనకాల ఎవులు సూత్తారు?"

నల్లరంగులో ముంచి వెన్నుపూస మీద పెట్టానో లేదో, నాన్న మెలికలు తిరిగిపోయాడు.

"ఏటి నాన్నా?"

"సక్కిలిగింతలమ్మా," అన్నాడు. నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.

పదహారేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాను, ఈ సంగతి నాకు తెలియదు. నా వీపు మాత్రం ఆయనకు బాగా తెలుసు. ఆసుపత్రిలో కామెర్ల దురదకి నేను గోళ్లతో రక్కేసుకుంటుంటే, నా చేతులు పట్టుకుని ఆపి, మధ్యాహ్నాలన్నీ అరచేత్తో వీపు రాస్తూ కూర్చునేవాడు. ఎడమ చేయి ఆయన భుజం మీద ఆనించి కదలకుండా పట్టుకున్నాను. ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుంటూనే చారలన్నీ గీశాను. ఒక్కటీ తిన్నగా రాలేదు.

బయట డప్పులు మొదలయ్యాయి. నాన్న లేచి వెనక సందు వైపు తిరిగాడు.

"మన వీధంట ఎల్దాం నాన్నా."

నాన్న ఆగాడు. "నవ్వుతారేమోనే."

"నవ్వనీ."

వీధిలోకి వచ్చాక నాన్న రెండు గంతులేశాడు. ఒక్కటీ డప్పుకి కలవలేదు. నేను ఆయన వెనకే నడిచాను. మూడో ఇంటి గేటు దగ్గర నా క్లాసు పిల్ల నవ్వుతూ అడిగింది, "ఎవులే ఆ పులి?"

"మా నాన్న," అన్నాను. "ఈపు మీద సారలు నేనే గీసాను."