నాలుకపై తొలి చుక్క

కడిగి కడిగి మరగతం వేళ్ల కొసలు తెల్లగా ముడతలు పడ్డాయి. ముప్పయ్యేళ్లుగా పసిపిల్లల వార్డులో ఆయా. ఇంకో పన్నెండు రోజుల్లో రిటైరవుతుంది. ఉప్పళంలో ఉన్న ఇంటిదాకా నడవగలరా అని మధ్యాహ్నం నుంచే మోకాళ్లను అడుగుతోంది.

మూడో మంచం దగ్గర జయలక్ష్మమ్మ కొంగుముడి విప్పుతోంది. నిన్న కూతురు కవిప్రియకు నెలలు నిండకుండానే బిడ్డ పుట్టింది. కిలోన్నర కూడా లేదు. ముడిలో తేనె సీసా. పుట్టిన బిడ్డ నాలుకకు పెద్దవాళ్లు తీపి తాకించడాన్ని ఇక్కడ సేనె అంటారు. పెట్టినవాళ్ల గుణం బిడ్డకు వస్తుందని నమ్మకం.

"ఇంత నలుసుకు తేనె పడదక్కా. ప్రాణం మీదికొస్తాది" అంది మరగతం.

"నువ్వేంది చెప్పేది? నిన్ను పెట్టమంటినా? నీ గుణమొస్తే బిడ్డ బతుకంతా నేల తుడుస్తాది."

పక్కమంచం ఆవిడ కిసుక్కున నవ్వింది. మరగతానికి కోపం రాలేదు. కోపానికీ ఓపిక కావాలి.

"ఈ కవిప్రియకు సేనె పెట్టింది ఎవరనుకున్నావు? మీనాంబాళ్ డాక్టరమ్మ! ఇదే వార్డులో. మా యమ్మ తెచ్చిన తేనె తీసుకోని ఆయమ్మే పెట్టింది. అందుకే బతికింది, సదివింది" అంది జయలక్ష్మమ్మ.

రెండు మంచాలతో ఈ వార్డు మొదలుపెట్టింది మీనాంబాళే. బిడ్డను తాకేముందు మోచేతిదాకా కడగాలని, పుట్టగానే స్నానం వద్దని, గాజుపెట్టె లేకపోతే తల్లి రొమ్మే వెచ్చదనమని ఆమె చెబితేనే ఇక్కడివాళ్లకు తెలిసింది. నాలుగేళ్ల కింద పోయింది.

కవిప్రియకు సేనె పెట్టిన రోజు మరగతం పక్కనే ఉంది. తేనె సీసా డాక్టరమ్మ కోటు జేబులోకి వెళ్లింది. వేలికి అంటింది ముర్రుపాలు. "ఎవరికీ చెప్పొద్దు మరగతం, వాదులాడే టైము లేదు" అంది. ఇరవయ్యారేళ్లు చెప్పలేదు.

జయలక్ష్మమ్మ చేతిలో సీసా మూత తిరుగుతోంది.

"అక్కా, ఆ పొద్దు పెట్టింది తేనె కాదు. నీ పాలు."

మూత ఆగింది.

"అబద్ధం."

"ఆపరేషనయి నువ్వు మగతలో ఉంటివి. పాలు పిండింది నేను. గిన్నె పట్టుకున్నదీ నేనే."

"ఇన్నేండ్లూ డాక్టరమ్మ గుణమని ఊరంతా చెప్పుకుంటినే!"

"వేలు ఆయమ్మదే. పాలే నీవి."

బిడ్డను రొమ్ముకు ఆనించుకుని పడుకున్న కవిప్రియ కళ్లు తెరవకుండానే అంది: "అందుకేనా నాకింత నోరు?"

జయలక్ష్మమ్మ నవ్వలేదు. మూత బిగించింది. సీసా మరగతం చేతిలో పెట్టి కుళాయి దగ్గరికి నడిచింది.

"యాడిదాకా కడగాల?"

"మోచేతిదాకా. సబ్బుతో."

కవిప్రియ గిన్నెలోకి రెండు చుక్కలు పిండింది. అమ్మమ్మ వేలు తాకింది. చీమంత నాలుక కదిలింది.

మరగతం సీసాను అలమర అడుగు అరలో పెట్టింది. డాక్టరమ్మ కాలం నాటి సీసాలు అక్కడ ఇంకా వరసగా ఉన్నాయి. పొద్దుటినుంచి మొదటిసారి స్టూలు మీద కూర్చుంది.

తలుపు దగ్గర ఇంకో ముసలామె నిలబడింది. కొంగుకు ముడి ఉంది.

మరగతం లేచింది.