దుమ్ములో అరచెయ్యి

వట్లూరు దగ్గర ఒక కాలేజీ గ్రౌండులో, ఆగి ఉన్న బస్సుల మధ్య కుడికాలు ఈడ్చుకుంటూ తిరిగే మనిషి ఎలక్ట్రీషియన్ సాల్మన్. బస్సు వెనకగా దాటేవాళ్లు దాని మీద రెండు దెబ్బలు కొట్టాలి. అది వింటే డ్రైవరు బండి కదపకూడదు. అక్కడి కట్టుబాటు అది. మోటార్‌సైకిల్ మీద పోతూ కూడా సాల్మన్ చెయ్యి చాచి కొట్టేవాడు. కాలు దెబ్బతిన్న రోజూ కొట్టాడు. రోజూ తనతో క్యారేజీ పంచుకు తినే డ్రైవరు నాగూర్ బస్సే అది. నాగూర్ ఫోన్లో మాట్లాడుతూ రివర్స్ చేశాడు. బంపరు కింద మోటార్‌సైకిల్, దాని కింద సాల్మన్ మోకాలు నలిగిపోయాయి.

నాగూరే చేతుల మీద మోసుకెళ్లి, ఆసుపత్రిలో వెక్కివెక్కి ఏడ్చాడు. మర్నాడు ప్రిన్సిపాల్ సాల్మన్ మంచం దగ్గరికొచ్చి అడిగితే నాగూర్ మాత్రం, "కొట్టలేదండీ. కొడితే నాకు వినపడదాండీ?" అన్నాడు.

సాల్మన్ వాడి మొహంలోకే చూస్తూ, "వెనకాల దుమ్ములో నా చెయ్యి అచ్చు ఉంటుందండీ, చూడండి" అన్నాడు.

"చూశానయ్యా. బస్సు అద్దంలా ఉంది" అన్నాడు ప్రిన్సిపాల్.

దసరాకి తప్ప నీళ్లెరగని బస్సు అది. నాగూర్ తల దించుకున్నాడు.

ఇప్పుడు సాల్మన్ మిగతా బస్సుల్ని మామూలుగానే కొట్టి దాటుతాడు. నాగూర్ బస్సు వెనక మాత్రం ఆగి, కర్ర చంకలో ఇరికించుకుని, చప్పుడు చెయ్యకుండా దుమ్ములో అరచెయ్యి ఒత్తి వెళ్తాడు.

నాగూర్ రోజూ బస్సు కడుగుతున్నాడు.