నీళ్ళ ట్యాంకు నీడలో గెలాక్సీ

చుక్కల మాస్టారంటే తప్ప ఆ బళ్ళో ఆయనెవరో ఎవరికీ తెలియదు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలకు సైన్సు చెప్పేవారు. కప్ప గుండెకు ఎన్ని గదులో, అయస్కాంతానికి ఎన్ని ధ్రువాలో అవన్నీ చెప్పేవారు కాని, ఏదో మొక్కుబడిగా. విశ్వం పాఠం వచ్చిందా, ఇక ఆయన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. బాస్కెట్‌బాల్ తీసుకెళ్ళి గేటు దగ్గర పెట్టి, "ఇదిగో సూర్యుడు" అనేవారు. అక్కణ్ణించి స్టాఫ్ రూము గుమ్మం దాకా పిల్లల్ని నడిపించి, అరచేతిలో ఆవగింజ చూపించి, "ఇదిగో మనం" అనేవారు. ఆ గింజ మీదే బడీ, బళ్ళో హెడ్‌మాస్టరూ, హెడ్‌మాస్టరి కోపమూ ఉన్నాయంటే పిల్లలు పడీపడీ నవ్వేవారు.

"మరి పక్క నక్షత్రం ఎక్కడుంది సార్?" అని ఎవరో ఒకరు అడిగేదాకా ఆగేవారు.

"నడుస్తూ పోతే సముద్రాలు దాటాలిరా."

నవ్వు ఠక్కున ఆగిపోయేది. ఆ నిశ్శబ్దం కోసమే ఆయన ఏడాదంతా కప్పల్ని భరించేవారు.

అసలు ముచ్చట మాత్రం డాబా మీద. ఏటా చలికాలం మొదట్లో, పాఠం పూర్తయిన రోజున, చీకటి పడగానే ఏడో తరగతిని బడి డాబా ఎక్కించేవారు. పిల్లలు వరసలో నిలబడాలి. ఒక్కొక్కళ్ళే రావాలి. మాస్టారు వంగి, ఆ పిల్ల చెంప పక్కనుంచి చెయ్యి చాపేవారు.

"అదిగో, డబ్ల్యూ అక్షరంలా ఐదు చుక్కలున్నాయే, వాటి పక్కన. పలచటి మరకలా లేదూ? అదే ఆండ్రోమెడా గెలాక్సీ. ఇరవై ఐదు లక్షల ఏళ్ళ క్రితం బయల్దేరిన వెలుగు ఇవాళ నీ కంట్లో పడుతోందమ్మా. కనిపించిందా?"

"కనిపించింది సార్!"

"శభాష్! తర్వాత ఎవరు?"

ఆయన మేడలు కట్టలేదు, పదవులు వెలగబెట్టలేదు. కాని బస్సెక్కితే కండక్టరు ఆయన శిష్యుడే. మందుల షాపులో పొట్లం కట్టే అమ్మాయీ శిష్యురాలే. వాళ్ళను చూసినప్పుడల్లా, ఆ కళ్ళలో నేను పెట్టిన గెలాక్సీ ఉంది కదా అనుకుని లోలోపల మురిసిపోయేవారు. వచ్చే ఏడాది రిటైరు. ఈసారి ఏడో తరగతిలో సొంత మనవరాలే ఉంది. బడి గేటు దాటాక తాతయ్య లేడు, సారే ఉన్నాడని ఆ పిల్లకు ముందే గట్టిగా చెప్పిపెట్టారు.

డాబా ఎక్కే ముందురోజు, పిల్లకు స్వెటరు వేసి పంపమని చెప్పడానికి కూతురింటికి వెళ్ళారు. గుమ్మం బయట చెప్పులు విడుస్తుంటే వంటింట్లోంచి మాటలు వినిపించాయి.

"అమ్మా, రేపు నాకది కనిపించకపోతే?"

"కనిపించిందని చెప్పెయ్యవే. మేమందరం అలాగే చెప్పాం. మా క్లాసులో ఒక్కరికీ కనిపించలేదు. తాతయ్య అంత సంబరంగా అడుగుతుంటే, లేదని ఎలా అంటాం చెప్పు?"

మాస్టారు విడిచిన చెప్పులు మళ్ళీ తొడుక్కుని వెనక్కి తిరిగారు.

దారి పొడుగునా ఒళ్ళు మండింది. ఎంతమంది, ఎంత చక్కగా అబద్ధమాడారు! ఇల్లు దగ్గరపడే సరికి ఆ కోపం తన మీదికే తిరిగింది. పక్కన షాపింగ్ కాంప్లెక్సు లేచాక, కళ్ళలో శుక్లాలు మొదలయ్యాక, తనకు మాత్రం ఎక్కడ కనిపించింది? పిల్లల కళ్ళు మంచివి కదా, వాళ్ళకు కనిపిస్తుందిలే అని వేలు చాపుతూ వచ్చారు. వాళ్ళు సారు మొహం చూసి అవునన్నారు. సారేమో వాళ్ళ మాట విని ఉందనుకున్నారు. ఇన్నేళ్ళూ డాబా మీద ఎవరూ ఆకాశం చూడలేదు. ఆయనకు ఏడుపొచ్చింది.

మర్నాడు సాయంత్రం పిల్లలు అలవాటుగా వరస కట్టబోతే, "వరసా లేదు, గిరసా లేదు. రండి" అని అందరినీ నీళ్ళ ట్యాంకు వెనక్కి తీసుకెళ్ళారు. కాంప్లెక్సు లైట్లు అక్కడికి రావు. చల్లటి గచ్చు మీద కూర్చోబెట్టారు.

"చీకటికి కళ్ళు అలవాటు పడాలి. ఊరికే కూర్చోండి. నాకు చూపు తగ్గింది, నాకది కనిపించడం లేదు. మీకూ కనిపించకపోతే లేదనే చెప్పాలి. నా కోసం అవునన్నారో, ఊరుకోను."

పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. చాలాసేపటికి ఒక గొంతు "లేదు సార్" అంది. ఇంకోటి అంది. తర్వాత వానజల్లులా అన్ని వైపులనుంచీ లేదు, లేదు. ప్రతి లేదూ మాస్టారికి ఎక్కడో గుచ్చుకుంది. అయినా పట్టు విడవకుండా, "మళ్ళీ చూడండి, ఇదిగో ఇటు" అని చెయ్యి చాపారు.

"తాతయ్యా, నువ్వు చూపించేది తప్పు!"

పిల్లలు కిసుక్కుమన్నారు. మనవరాలు నాలిక్కరుచుకుంది, కాని తగ్గలేదు. లేచొచ్చి ఆయన మణికట్టు పట్టుకుని చేతిని కొంచెం పైకి, కొంచెం పక్కకు జరిపింది. "ఇక్కడ. సూటిగా చూస్తే మాయమైపోతోంది. పక్కకి చూస్తే వస్తోంది. బూడిదరంగు మరకలా."

ఆ మాట ఆయన ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. వరసలో వెనక తోసుకొస్తున్న పిల్లలతో అది చెప్పడానికి వ్యవధే ఉండేది కాదు. చూసినవాళ్ళకు తప్ప తెలియని సంగతి అది. మాస్టారు తన చేతిని ఆ పిల్ల పెట్టినచోటే ఉంచారు.

ఇంతలో పిల్లను తీసుకెళ్ళడానికి కూతురు డాబా ఎక్కొచ్చింది. మాస్టారు ఏమీ అడగకుండా పక్కకు జరిగి చోటిచ్చారు. ఆమె కూర్చుని తలెత్తింది. కాసేపు పోయాక, ఆగలేక, పాత అలవాటుగా ఆయన నోరు జారనే జారింది.

"కనిపించిందా అమ్మా?"

కూతురు ఆయన వైపు తిరగనైనా తిరగలేదు.

"ఇంకా లేదు నాన్నా. కాస్త ఆగు, చూస్తున్నా."