సెక్రటరీ గేటు ముందు బూడిద గుమ్మడికాయ

సూళ్లూరుపేటలోని మా కాలనీకి హాలోవీన్‌ను తెచ్చింది అసోసియేషన్ సెక్రటరీ. ఆవిడంటే నాకు గిట్టదు, నేనన్నా ఆవిడకు అంతే. పిల్లలు దెయ్యాల వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగి, చివరికి ఆవిడ గేటు దగ్గర బుట్టెడు చాక్లెట్లు పంచుకోవాలి.

మా మనవరాలికి ఎనిమిదేళ్లు. ఐదో ఏటి నుంచీ షుగర్, పూటపూటా ఇంజెక్షన్. నిరుడు హాలోవీన్ గురించి నా డైరీలో ఇలా ఉంది: "ఏడు గంటలకు మంచం కింద పదకొండు చాక్లెట్ కాగితాలు. తర్వాత వాంతులు. నెల్లూరు ఆసుపత్రి. రెండు రోజులు."

ఈసారి కూడా దాన్ని అందరితో పంపాలనే నా పట్టుదల. డైరీ తీసుకుని మీటింగుకు వెళ్లాను. చాక్లెట్లు మాని, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు, జామకాయలు పెడదామన్నాను. ఇంటికో ఆట ఆడిద్దామన్నాను.

"ఒక్క పిల్ల కోసరం అందరి సరదా చెడగొట్టాల్నా సార్? ఆ పిల్లను ఇంట్లోనే పెట్టుకోండి," అంది సెక్రటరీ.

"మీ సరదాకే కదమ్మా మా పిల్ల ఆస్పత్రిలో పడింది. చదివేదా?"

"ఆ డైరీ మూయండి సార్. శనక్కాయలకు ఏ దెయ్యమొస్తది మీ ఇంటికి?"

అందరూ నవ్వారు. నవ్విన వాళ్ల పేర్లన్నీ ఆనాటి పేజీలో ఉన్నాయి.

హాలోవీన్ సాయంత్రం బూడిద గుమ్మడికాయ ఒకటి తెచ్చాను. మనవరాలు దానికి బొగ్గుతో కోరలు, కుంకుమతో నాలుక దిద్దింది. లోపల కుంకుమ నీళ్లు పోసి, పైన కర్పూరం వెలిగించి, "దిష్టి తీస్తాం రండి" అని పిలిచేసరికి దెయ్యాలన్నీ మా వాకిట్లోకే వచ్చాయి. ఒక్కొక్కరికీ దిష్టి తీసి, కేకలు పెడుతూ సెక్రటరీ ఇంటి ముందున్న కూడలికి మోసుకెళ్లాం. మనవరాలే నేలకేసి కొట్టింది. ఎర్రటి ముక్కలు ఆవిడ గేటుకు అడ్డంగా పడ్డాయి.

దిష్టి తీసిన కాయను మా దగ్గర ఎవరూ తొక్కరు, దాటరు. మంత్రగత్తె టోపీతో, చాక్లెట్ల బుట్టతో ఆవిడ గేటు లోపలే ఆగిపోయింది.

"ఎవురు ఈడ కొట్టించింది? నేనెట్టా దాటేది?"

"దెయ్యం వేషమేసినారు గదమ్మా, మీకేం భయం? దాటండి," అన్నాను.

దాటలేదు. పిల్లలూ అటు పోలేదు. మా వాకిట్లో కూర్చుని శనక్కాయలు ఒలుచుకు తిన్నారు, మధ్యలో మా మనవరాలు. పడుకునే ముందు చూస్తే షుగర్ అదుపులోనే ఉంది.

తెల్లవారి ముక్కలు నేనే ఊడ్చాను.

"కావాలనే చేసినారు గదా సార్?" అంది, గేటు లోపలి నుంచే.

"అవును. వచ్చే ఏడు శనక్కాయలు మీరు తెస్తారా, నేను గుమ్మడికాయ తెచ్చేదా?"

తలుపు దబాలున వేసుకుంది.