ఎడమ కిడ్నీ మాట

తొంభైల్లో తెనాలికి డాప్లర్ మిషను వచ్చిన కొత్త. రక్తం పారే తీరుని రంగుల్లో చూపించి, చప్పుడు కూడా వినిపించే స్కానింగు అది. మా పెద్ద సర్జనుగారు దాన్ని 'రంగుల పెట్టె' అని వెక్కిరించేవారు. స్కానింగు డాక్టర్ని నేను, నాకు ఒళ్ళు మండేది.

ఒకరోజు రేపల్లె ప్యాసింజరు దిగి అత్తాకోడళ్ళు వచ్చారు. చేపలమ్ముకునే మనుషులు. కోడలికి ఏడో నెల, ఎడమ డొక్కలో నొప్పి. స్కానింగులో రెండు కిడ్నీలూ ఉబ్బి ఉన్నాయి. కడుపుతో ఉన్నప్పుడు అది మామూలేనని సర్జనుగారు కొట్టిపారేశారు. కానీ మూత్రం దారికి రాయి అడ్డం పడినా అలాగే ఉబ్బుతుంది. అదే అయితే తల్లీబిడ్డల ప్రాణం మీదికొస్తుంది. కడుపులో బిడ్డ ఉంది కనక మందెక్కించి ఎక్స్‌రే తీయడానికి లేదు.

పిల్ల మొహం నిండా చెమటలు. "ఏంటమ్మా, ఒంటికెళ్ళి ఎంతసేపైంది?" అన్నాను.

"పొద్దుట్నించీ ఎళ్ళనివ్వలేదండి," అంది అత్త గర్వంగా. "చెంబులకి చెంబులు నీళ్ళు తాగించాను. స్కానింగంటే ఆపుకోవాలి గదా!"

తొలి నెలల్లో మేం చెప్పే మాటే అది. మా ఊళ్ళల్లో శాసనమై కూర్చుంది.

"ఓరి నాయనో! ముందు పంపించు పిన్నీ!"

"ఎళ్తే బొమ్మ పడదేమోనండి?"

"పడుద్దిలే, పంపించు!"

వెళ్ళొచ్చాక కాసేపాగి మళ్ళీ చూశాను. కుడివైపు ఉబ్బు తీసేసినట్టు పోయింది, అది ఆపుకోవడం వల్ల వచ్చిందే. ఎడమది అలాగే ఉంది. అప్పుడు డాప్లర్ పెట్టాను. కుడి కిడ్నీలో గుండె దెబ్బకీ దెబ్బకీ మధ్య కూడా రక్తం హాయిగా పారుతోంది. ఎడమవైపు దెబ్బ పడటం, ఆగిపోవడం. లోపలి ఒత్తిడి రక్తాన్ని రానివ్వడం లేదు.

"దారి మూసుకుపోయిందండి. ఇవాళే కిడ్నీలోకి గొట్టం వెయ్యాలి," అన్నాను సర్జనుగారితో.

"చప్పుడు విని కడుపుతో ఉన్న పిల్లకి వీపులో సూది గుచ్చమంటావా అమ్మా? పొరపాటైతే?"

"అయితే నా పేరు చెప్పండి. మీరు గుచ్చండి, దారి నేను చూపిస్తాను." నాకు ఇసుమంతైనా అనుమానం లేదు.

నేను స్కానింగులో చూపిస్తుంటే ఆయన సూది దించారు. మూత్రం చివ్వున చిమ్మింది. మడ్డిగా ఉంది, చీము కూడా. ఆయన నావైపొకసారి చూసి, గొట్టం బిగించారు. ఇంకో రెండ్రోజులాగితే ఏమయ్యేదో మా ఇద్దరికీ తెలుసు.

బయటికి రాగానే అత్త నా చెయ్యి పట్టుకుంది. "బిడ్డ సంగతి తర్వాతండి. మా పిల్ల దక్కుద్దా?"

కడుపులో బిడ్డని వదిలి కోడలి గురించి ముందు అడిగిన అత్తని నేనంతవరకు చూడలేదు.

"ఇద్దరూ దక్కారు పిన్నీ," అన్నాను.

అంతదాకా బింకంగా నిలబడ్డ మనిషి నా భుజమ్మీద వాలి బావురుమంది.