పట్టు విడవడం

నా కోడలికి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ కరెంటు పెట్టడం అన్నీ అయిపోయాక కూడా చంకలో నొప్పి పోలేదు. కుడిచెయ్యి భుజం దాటి లేచేది కాదు. రాలిన జుట్టు మళ్లీ భుజాల దాకా పెరిగింది గానీ ముడి వేసుకోలేకపోయేది. నేను వేస్తానంటే ఒప్పుకోదు.

"నా ముడి నేనే ఏసుకుంటా అత్తా. అప్పటిదాకా ఇరబోసుకునే తిరుగుతా."

నెల్లూరు ఆస్పత్రిలో ఒక మేడమ్, కళ్లు మూసుకుని ఊపిరితో పాటు మెల్లగా చెయ్యి ఎత్తడం నేర్పింది. నేనూ వెంట వెళ్లాను.

"ఊపిరి తీసుకునేదానికి బస్సెక్కి ఇంత దూరం రావాల్నా? మనూళ్లో గాలి లేదా?" అన్నాను తిరుగుదారిలో.

"ఉండాది అత్తా. చేపల వాసన ఎక్కువ" అని నవ్వింది కోడలు.

మేడమ్ మాటల్లో మా ఇద్దరికీ బాగా గుర్తున్నది ఒక్కటే: "పట్టు వచ్చినచోట ఆగండి." మాది జువ్వలదిన్నెలో ఒడ్డు నుంచి పెద్దవల లాగే కుటుంబం. పట్టంటే మాకు తాడు మీద చెయ్యి. అరచెయ్యి కోసుకుపోయినా విడవకూడదు. కోడలు గోడ పక్కన నిలబడి, నొప్పి మొదలైనచోట పళ్లు బిగించి చేతిని అట్లాగే నిలిపేది.

"అద్దీ పట్టు! ఇడవబాకమ్మే" అనేదాన్ని నేను.

వారం తిరిగేసరికి చెయ్యి వాచింది. మళ్లీ నెల్లూరు వెళ్లి చేసిందంతా చెబితే మేడమ్ తల పట్టుకుంది.

"పట్టంటే బిగుతమ్మా! బిగుసుకున్నచోట ఆగి, ఊపిరి వదిలి, చేతిని వదులు చెయ్యమన్నాను. మీరేం వల లాగుతున్నారా?"

"అవును మేడమ్" అంది కోడలు. ముగ్గురం నవ్వాం.

తాడు విడవకూడదని చిన్నప్పటి నుంచి విన్న మనిషి ఇప్పుడు విడవడం నేర్చుకోవాలి. అది వల లాగడం కంటే కష్టమని ఆమెను చూశాకే తెలిసింది. పొయ్యి వెలిగించకముందే చాప మీద కూర్చునేది. నొప్పి రాగానే ముఖం ముడుచుకునేది, ఆగేది, నెమ్మదిగా ఊపిరి వదిలేది. నొసలు సాఫీ అయ్యాక చెయ్యి ఇంకొంచెం ఎత్తేది. విసుగు లేదు, ఏడుపు లేదు. పని మరిచే మనిషిని కాను నేను. ఆ ఓర్పు చూస్తూ చేటలో బియ్యం అట్లాగే పెట్టుకుని కూర్చున్న రోజులున్నాయి.

"నొప్పి పోయిందా?" అని అడిగితే, "ఉండాది అత్తా. ముందు మాదిరి నన్ను అదిలించడం లేదు" అంది.

మొన్న ఆదివారం చర్చికి బయలుదేరుతూ అద్దం ముందు నిలబడి రెండు చేతులూ తల వెనక్కి తీసుకుపోయింది. మధ్యలో ఆగింది. ఊపిరి వదిలింది. ముడి పడింది, ఒక పక్కకు వాలి.

"వంకరగా ఉండాది" అన్నాను.

"ఉంటే ఉండనీ. నేనేసిందే గదా!"

సరిచేద్దామని అందుకున్న దువ్వెన గూట్లో పెట్టేశాను.