హెలికాప్టర్ కోసం దించిన చీర

డెబ్బై ఏడు ఉప్పెనలో హెలికాప్టర్‌ని చెయ్యెత్తి కిందికి దించింది నేనేనని తెనాలిలో చాలామందికి చెప్పాను. ఒకసారి పైలట్ చేత నాకు సెల్యూట్ కూడా కొట్టించాను. సెల్యూట్ లేదు. అసలు అది దిగనే లేదు, మేడ నెత్తిన కాసేపు నిలిచింది. అంతే.

అప్పట్లో నాకు ఫ్యాన్లు బాగుచేసే కొట్టు ఉండేది. వెనకే గది, అందులో నేనొక్కణ్ణి. రేపల్లె అవతల సముద్రానికి దగ్గర్లో ఒక చేపల వ్యాపారి కొత్త మేడకు ఫ్యాన్లు బిగించడానికి వెళ్ళి చిక్కుబడిపోయాను. బతికి బయటపడ్డ పల్లెవాళ్ళంతా ఆ మేడ మీదే ఉన్నారు. చుట్టూ నీళ్ళే, అన్నీ ఉప్పు. పిల్లలు ఏడవడం కూడా మానేశారు. కుటుంబాలు ఒకరి మీద ఒకరు ఒరిగి కూర్చుంటే, నేను నా పనిముట్ల సంచీకి ఆనుకుని కూర్చున్నాను.

బాపట్ల వైపు నుంచి హెలికాప్టర్ వచ్చింది, తాడుకు మంచినీళ్ళ డబ్బాలు వేలాడుతున్నాయి. మా మీదికి వచ్చినట్టే వచ్చి పక్కకు జరిగింది. మళ్ళీ అంతే. తలుపు దగ్గరున్న మనిషి మేడ మూలకేసి వేలు చూపిస్తున్నాడు.

"మనల్ని చూసి జడుసుకున్నాడేంటి?" అందొక ముసలమ్మ.

"నీ అరుపులకేనత్తా," అన్నారెవరో.

మూలన ఇటుకల మధ్య నిలబెట్టిన పొడుగాటి వెదురుగెడ, కొసన ఎర్రచీర. పడవ వేళకు రాకపోతే భార్య తన చీర ఎత్తి కట్టడం ఆ పల్లె అలవాటు. మనిషి రాకముందే దించితే ఆశ వదులుకున్నట్టు. ఉప్పెనకు ముందు వేటకెళ్ళిన ఒకతని భార్య ఆ గెడ పక్కనే నిలబడి ఉంది.

నాకు తెలిసింది ఫ్యాన్లే. ఫ్యాను గాలిని కిందికి నెడుతుంది, ఆ తోపే ఫ్యానును కాస్త పైకి నెడుతుంది. హెలికాప్టర్ తన బరువంతా ఆ తోపుతోనే మోసుకుంటుంది. రెక్కల కొసలు మహా వేగంగా తిరుగుతాయి. గెడకు తగిలి ఒక రెక్క ముక్క ఊడిందా, బరువు సమం తప్పి మొత్తం ఊగిపోతుంది. రెక్క వంగిన ఫ్యాను కొక్కెంతో సహా ఊగినట్టే. ఇంట్లో అయితే స్విచ్చి ఆపేస్తాం. గాల్లో రెక్కలు ఆగితే మోసేదే లేదు. తోకనున్న చిన్న ఫ్యాను దెబ్బతిన్నా కష్టమే, ఒళ్ళు గిరగిరా తిరక్కుండా పట్టి ఉంచేది అదే. ఈ తోక సంగతీ నాకు అప్పుడే తెలుసని చెప్పుకునేవాణ్ణి. తర్వాత లైబ్రరీలో చదివాను.

"చెల్లెమ్మా, గెడ దించమ్మా. చీర ఆ రెక్కలకి చుట్టుకుంటే వాళ్ళు కూలిపోతారు. అందుకే రావట్లేదు."

"ఆయన రాకుండా దించనన్నా. దించితే పడవలోకి కనపడుద్దా?"

హెలికాప్టర్ వాళ్ళే మీ ఆయన్ని వెతికి తీసుకొస్తారులే అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె మొహం చూశాక రాలేదు.

"కనపడదమ్మా. పిల్లలకి నీళ్ళు మాత్రం వస్తయ్."

ఆమె ఒకసారి సముద్రం వైపు చూసింది. "ఎవరూ ముట్టుకోబాకండి," అని తనే ఇటుకలు తీసి, గెడ వాల్చి, చీర విప్పి ఉండచుట్టి ఒళ్ళో పెట్టుకుంది. హెలికాప్టర్ వచ్చింది. ఆ గాలికి అందరం బోర్లా పడుకున్నాం. డబ్బాలు దించి అది వెళ్ళిపోయింది. జనమంతా అటు ఎగబడ్డారు. ఆమె కదల్లేదు. గ్లాసుతో నీళ్ళు పట్టుకెళ్ళాను.

"ముందు గెడ ఎత్తన్నా."

ఆమె కొసన చీర కట్టింది, నేను ఎత్తాను. ఇటుకల మధ్య అది సరిగా నిలబడలేదు. అప్పుడు నీళ్ళు తాగింది.

"నువ్వెళ్ళి మీవాళ్ళ దగ్గర కూర్చో."

"మావాళ్ళా? తెనాలి సగం మావాళ్ళే," అన్నాను. ఆమె నవ్వలేదు. "ఎవరూ లేరమ్మా," అన్నాను.

"అయితే కాసేపు ఇది పట్టుకో. పడుకుని ఎన్నాళ్ళయిందో."

పక్కనే పడుకుని నిద్రపోయింది. వెలుతురు పోయేదాకా గెడ పట్టుకుని సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాను. ఆ రోజు ఏ పడవా రాలేదు.